ఈ మెయిల్ ఎవరి పేరు మీద వెళ్తోంది?

ఫార్వర్డ్, రీడైరెక్ట్ చూడ్డానికి ఒకే పనిలా ఉంటాయి. జవాబు ఎవరికి చేరుతుంది, మెయిల్ అసలు చేరుతుందా లేదా, మోసం జరిగితే ఆధారం మిగులుతుందా అన్నవన్నీ ఈ రెంటి తేడా మీదే ఆధారపడతాయి.

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఓ ఆఫీసు ఉందనుకుందాం. వెబ్‌సైట్లో ఇచ్చిన కంపెనీ చిరునామాకి దుబాయ్ నుంచి ఒక కొనుగోలుదారు మెయిల్ రాశాడు. తేజ రకం ఎంత సరుకు ఉంది, ధర ఎంత, ఎప్పటికి పంపగలరు అని అడిగాడు. కంపెనీ మెయిళ్లు చూసే ఉద్యోగి ఫార్వర్డ్ నొక్కి దాన్ని సేల్స్ మేనేజర్‌కి పంపాడు. మేనేజర్ ధరలు సరిచూసుకుని, వివరంగా జవాబు రాసి, రిప్లై నొక్కి పంపేశాడు. రోజులు గడిచినా దుబాయ్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. తీరా వెతికితే ఆ జవాబు కంపెనీ ఇన్‌బాక్స్‌లోనే, చదవని మెయిళ్ల మధ్య కనిపించింది. కొనుగోలుదారుకి అది చేరనే లేదు.

మేనేజర్ అజాగ్రత్తగా ఏమీ చేయలేదు. రిప్లై నొక్కినప్పుడు మెయిల్ ప్రోగ్రాం ‘ఇది ఎవరు పంపారు’ అని చూసి వాళ్లకే జవాబు పంపుతుంది. ఫార్వర్డ్ చేసిన మెయిల్‌ని పంపింది పక్క సీట్లో ఉన్న ఉద్యోగే కాబట్టి జవాబు అతని దగ్గరికే వచ్చింది. అదే మెయిల్‌ని రీడైరెక్ట్ చేసి ఉంటే జవాబు నేరుగా దుబాయ్ వెళ్లేది. మెయిల్ అదే, అందుకున్న మనిషీ అతనే, నొక్కిన రిప్లై కూడా అదే. గమ్యం మాత్రం మారిపోయింది. ఎందుకు మారిందో తెలియాలంటే ఈమెయిల్ ప్రయాణాన్ని లోపలి నుంచి చూడాలి.

## కవరు మీద ఒక చిరునామా, ఉత్తరంలో ఒక చిరునామా

పోస్టులో వచ్చే ఉత్తరాన్ని తలుచుకోండి. కవరు మీద చిరునామా ఉంటుంది. లోపల కాగితం మీద ఎవరికి రాశారో, ఎవరు రాశారో ఉంటుంది. పోస్ట్‌మన్ చూసేది కవరుని, మనం చదివేది కాగితాన్ని. ఈ రెండింటి మీదా ఒకే పేర్లు ఉండాలన్న నియమం లేదు.

ఈమెయిల్‌ని కూడా ఈ పద్ధతిలోనే కట్టారు. ఈ రంగంలో పనిచేసే ఇంజనీర్లు సైతం ‘ఎన్వలప్’ అనే మాటే వాడతారు. మన స్క్రీన్ మీద కనిపించే ఫ్రమ్, టు, సబ్జెక్ట్ అన్నీ లోపలి కాగితం మీద రాతలే. వీటిని హెడర్లు అంటారు. కవరు మనకి కనిపించదు. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కి మెయిల్ అందించే క్షణంలో ఆ రెండూ మాట్లాడుకునే నాలుగు మాటల్లోనే అది ఉంటుంది.

ఆ సంభాషణను దగ్గరగా చూద్దాం. దుబాయ్ సర్వర్ గుంటూరు సర్వర్‌కి కనెక్టయి ముందు తన పేరు చెబుతుంది. తర్వాత ‘మెయిల్ ఫ్రమ్’ అంటూ పంపేవారి చిరునామా చెబుతుంది. ‘ఆర్‌సీపీటీ టు’ అంటూ అందుకునేవారి చిరునామా చెబుతుంది. ప్రతిదానికీ అటు నుంచి 250 అనే అంకె వస్తుంది, సరే అని దానర్థం. అప్పుడు దుబాయ్ సర్వర్ ‘డేటా’ అంటుంది. గుంటూరు సర్వర్ 354 అని బదులిస్తుంది, ఇక ఉత్తరం మొదలుపెట్టు అని. ఉత్తరమంతా హెడర్లతో సహా వెళ్లాక, చివర ఒక లైన్లో ఒకే ఒక్క చుక్క వస్తుంది. ఆ చుక్కతో ఉత్తరం పూర్తయినట్టు. మళ్లీ 250. అంతే, మెయిల్ చేతులు మారింది.

‘డేటా’ అనడానికి ముందు చెప్పిన రెండు చిరునామాలే కవరు. ఆ తర్వాత వచ్చిందంతా కాగితం. మెయిల్ ఎక్కడికి వెళ్లాలో తేల్చేది కవరు మీది చిరునామా ఒక్కటే. ‘టు’ అనే గడిలో ఏం రాసి ఉందో సర్వర్ పట్టించుకోదు.

దీనికి రుజువు మనం రోజూ వాడే బీసీసీ. బీసీసీలో పెట్టినవారి పేరు ఉత్తరంలో ఎక్కడా ఉండదు, అయినా వాళ్లకి ఉత్తరం చేరుతుంది. వాళ్ల చిరునామా కవరు మీద మాత్రమే రాస్తారు కాబట్టే అది సాధ్యం.

ఈ విభజన కొత్తదేమీ కాదు. 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి తొలి మెయిల్ పంపారు. పేరుకీ యంత్రానికీ మధ్య @ గుర్తు పెట్టింది ఆయనే. పదకొండేళ్ల తర్వాత, 1982 ఆగస్టులో ఈమెయిల్ నియమాలను రెండు వేర్వేరు పత్రాలుగా ప్రకటించారు. జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 మెయిల్‌ని ఎలా మోయాలో చెబుతుంది. డేవిడ్ క్రాకర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 822 ఉత్తరం లోపల ఏది ఎక్కడ ఉండాలో చెబుతుంది. కవరుకి ఒక పత్రం, కాగితానికి ఒక పత్రం అన్నమాట. 2008లో సవరించినప్పుడు కూడా వీటిని 5321, 5322 అంటూ రెండుగానే ఉంచారు.

## ఫార్వర్డ్: కొత్త ఉత్తరం రాయడం

ఫార్వర్డ్ నొక్కగానే మెయిల్ ప్రోగ్రాం ఒక కొత్త ఉత్తరం మొదలుపెడుతుంది. ఫ్రమ్ గడిలో మీ పేరు వస్తుంది. ఈ రోజు తేదీ పడుతుంది. ప్రతి మెయిల్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య, అంటే మెసేజ్-ఐడీ, దీనికి కొత్తగా పుడుతుంది. సబ్జెక్ట్ ముందు ‘ఎఫ్‌డబ్ల్యూడీ’ చేరుతుంది. పాత ఉత్తరంలోని మాటలను కింద ఎత్తిరాస్తుంది. దుబాయ్ కొనుగోలుదారు రాసిన ఉత్తరాన్ని మీరు మీ కాగితం మీద ఎత్తిరాసి, పైన మీ మాట రెండు ముక్కలు రాసి, మీ కవరులో పెట్టి పంపినట్టే.

ఇందులో ఒక సౌకర్యం ఉంది. ‘సర్, ఈ పార్టీకి ఈ రోజే ధర చెప్పాలి, మన పాత కస్టమర్’ అని పైన రాయొచ్చు. అక్కర్లేని భాగం తీసేయొచ్చు. అందుకున్నవారికి ఇది మీ దగ్గర్నుంచి వచ్చిందని స్పష్టంగా తెలుస్తుంది.

ఒక ప్రమాదం కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఫార్వర్డ్ చేసిన మెయిల్లో ‘ఫలానా వారు ఫలానా రోజు పంపారు’ అని కనిపించే నాలుగు లైన్లు మామూలు అక్షరాలు. టైప్ చేసిన వాక్యాన్ని ఎలా దిద్దవచ్చో వాటినీ అలాగే దిద్దవచ్చు. తేదీ మార్చవచ్చు, మొత్తం మార్చవచ్చు, బిల్లులోని బ్యాంకు ఖాతా నంబరు మార్చవచ్చు. చదివేవారికి తేడా తెలియదు. కాబట్టి ఫార్వర్డ్‌గా వచ్చిన మెయిల్ మొదట రాసినవారి మాటకి సాక్ష్యం కాదు. ‘వాళ్లు ఇలా రాశారు’ అని ఫార్వర్డ్ చేసినవారు చెబుతున్న మాట మాత్రమే.

అసలు ఉత్తరం చెక్కుచెదరకుండా వెళ్లాలంటే ‘ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్’ వాడాలి. అప్పుడు పాత మెయిల్ మొత్తం, కంటికి కనిపించని హెడర్లతో సహా ఒక ఫైలుగా కొత్త మెయిల్‌కి జతపడుతుంది. జీమెయిల్, అవుట్‌లుక్, థండర్‌బర్డ్‌లలో ఈ సౌకర్యం ఉంది.

## రీడైరెక్ట్: అదే ఉత్తరం, కొత్త కవరు

ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవారికి పాత చిరునామాకి ఉత్తరం వస్తే ఏం చేస్తారు? పాత చిరునామా కొట్టేసి, పక్కన కొత్తది రాసి మళ్లీ డబ్బాలో వేస్తారు. లోపలి ఉత్తరాన్ని ఎవరూ ముట్టుకోరు. అందుకున్నవారికి అది మొదట రాసినవారి దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరమే. రీడైరెక్ట్ చేసేది ఇదే.

రీడైరెక్ట్ చేసిన మెయిల్లో ఫ్రమ్ గడిలో దుబాయ్ కొనుగోలుదారు పేరే ఉంటుంది. పాత తేదీ, పాత సబ్జెక్ట్, పాత మెసేజ్-ఐడీ అలాగే ఉంటాయి. మేనేజర్ రిప్లై నొక్కితే జవాబు దుబాయ్‌కే వెళ్తుంది. మధ్యలో మీ చేయి పడిందని చెప్పడానికి ఉత్తరం పైన కొన్ని అదనపు హెడర్లు చేరతాయి: రీసెంట్-ఫ్రమ్, రీసెంట్-టు, రీసెంట్-డేట్. ఎవరు, ఎవరికి, ఎప్పుడు మళ్లించారో వీటిలో ఉంటుంది. 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822లోనే వీటికి చోటిచ్చారు. 2008 పత్రం ఇంకో అడుగు ముందుకు వేసి, ఇలా మళ్లించడమూ ఫార్వర్డ్ చేయడమూ రెండు వేర్వేరు పనులని విడమరచి చెప్పింది.

మామూలుగా ఈ రీసెంట్ హెడర్లు స్క్రీన్ మీద కనిపించవు. అందుకే రీడైరెక్ట్ మెయిల్ అందుకున్నవారు ఒక్కోసారి తికమకపడతారు. ‘ఈ దుబాయ్ ఆయనకి నా చిరునామా ఎలా తెలిసింది? టు గడిలో నా పేరే లేదే!’ అనిపిస్తుంది. పైన ఒక మాట రాసి పంపే వీలు రీడైరెక్ట్‌లో ఉండదు. ఉత్తరాన్ని ముట్టుకోకపోవడమే దాని ధర్మం మరి.

ఇది అన్ని చోట్లా ఒకేలా దొరకదు. యాపిల్ మెయిల్‌లో మెసేజ్ మెనూలో రీడైరెక్ట్ ఉంది. థండర్‌బర్డ్‌లో ఉంది. అవుట్‌లుక్‌లో రూల్స్ రాసేటప్పుడు ‘ఫార్వర్డ్ చేయి’, ‘రీడైరెక్ట్ చేయి’ అని రెండు వేర్వేరు ఎంపికలు కనిపిస్తాయి. జీమెయిల్‌లో ఒక్కో మెయిల్‌ని రీడైరెక్ట్ చేసే బటన్ లేదు. అయితే సెట్టింగ్స్‌లో ‘ఫార్వర్డింగ్’ పేరుతో ఉన్న ఆటోమేటిక్ సౌకర్యం నిజానికి రీడైరెక్ట్ పనే చేస్తుంది. అలా వచ్చిన మెయిల్లో ఫ్రమ్ మారదు, సబ్జెక్ట్ ముందు ఏమీ చేరదు. కాబట్టి బటన్ మీద ఏం రాసి ఉందో చూసి ఊరుకోకూడదు. అందిన మెయిల్‌ని తెరిచి ఫ్రమ్ గడిలో ఎవరి పేరుందో చూస్తే జరిగింది ఏదో తెలుస్తుంది.

---

బాక్స్: ఒక్క చూపులో

ఫ్రమ్ గడిలో ఎవరు? ఫార్వర్డ్‌లో మీరు. రీడైరెక్ట్‌లో మొదట రాసినవారు.

రిప్లై ఎవరికి? ఫార్వర్డ్‌లో మీకు. రీడైరెక్ట్‌లో మొదట రాసినవారికి.

మీ మాట చేర్చవచ్చా? ఫార్వర్డ్‌లో చేర్చవచ్చు. రీడైరెక్ట్‌లో కుదరదు.

పాత హెడర్లు మిగులుతాయా? మామూలు ఫార్వర్డ్‌లో మిగలవు. అటాచ్‌మెంట్‌గా ఫార్వర్డ్ చేస్తే మిగులుతాయి. రీడైరెక్ట్‌లో మిగులుతాయి.

చేరకపోయే ప్రమాదం? ఫార్వర్డ్‌కి తక్కువ. రీడైరెక్ట్‌కి ఎక్కువ.

---

## నిజాయతీగా మళ్లించిన మెయిల్ దొంగమెయిల్‌లా ఎందుకు కనిపిస్తుంది?

పై జాబితాలో చివరి అంశం దగ్గర కాస్త ఆగాలి. ఉత్తరాన్ని ముట్టుకోకుండా పంపే పద్ధతికే ప్రమాదం ఎక్కువ ఎందుకు?

1982లో నియమాలు రాసినప్పుడు నెట్‌వర్క్ చిన్నది, వాడేవారు ఒకరికొకరు తెలిసినవారు. ఫ్రమ్ గడిలో ఎవరి పేరు రాసినా సర్వర్ ప్రశ్నించేది కాదు. తర్వాత స్పామ్ వచ్చింది, బ్యాంకుల పేరుతో మోసపు మెయిళ్లు వచ్చాయి. దాంతో ‘ఈ పేరుతో పంపే హక్కు నీకుందా’ అని అడిగే పరీక్షలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

మొదటిది ఎస్‌పీఎఫ్. డొమైన్ (చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) యజమాని ‘మా పేరుతో మెయిల్ పంపే సర్వర్లు ఇవి’ అని ఒక జాబితాను బహిరంగంగా పెడతారు. మెయిల్ అందుకునే సర్వర్ కవరు మీద పంపినవారి డొమైన్ చూసి, తలుపు తట్టిన యంత్రం ఆ జాబితాలో ఉందో లేదో సరిచూస్తుంది.

ఇప్పుడు మన ఉదాహరణకు రండి. గుంటూరు ఆఫీసు సర్వర్‌లో ‘కంపెనీ చిరునామాకి వచ్చిందంతా మేనేజర్ సొంత మెయిల్‌కి పంపు’ అని పెట్టారనుకుందాం. దుబాయ్ మెయిల్ గుంటూరు వచ్చింది. గుంటూరు సర్వర్ కవరు మీద అందుకునేవారి చిరునామా మార్చి, పంపినవారి చిరునామా అలాగే ఉంచి పంపింది. అందుకున్న సర్వర్ చూసింది: కవరు మీద దుబాయ్ కంపెనీ పేరుంది, తలుపు తట్టింది మాత్రం గుంటూరు యంత్రం. దుబాయ్ వాళ్ల జాబితాలో గుంటూరు లేదు. ఎస్‌పీఎఫ్ తప్పింది. దొంగ చేసినా, నమ్మకస్తుడు చేసినా ఈ పరీక్షకి ఒకేలా కనిపిస్తుంది.

దీనికో విరుగుడు కనిపెట్టారు. మళ్లించే సర్వర్ కవరు మీద పంపినవారి స్థానంలో తన చిరునామా రాస్తుంది, పాత చిరునామాని అందులోనే పొదిగి ఉంచుతుంది. దీన్ని ఎస్‌ఆర్‌ఎస్ అంటారు. జీమెయిల్ ఆటోమేటిక్ ఫార్వర్డింగ్ కూడా ఇలాంటి పనే చేస్తుంది. మీ చిరునామాకి ప్లస్ గుర్తు, సీఏఎఫ్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, గమ్యం చిరునామా కలిపి కవరు మీద రాస్తుంది. ఉత్తరం లోపలి ఫ్రమ్ మాత్రం మారదు.

రెండో పరీక్ష డీకిమ్. ఇది కవరుని పట్టించుకోదు. పంపే డొమైన్ తన రహస్య తాళంతో ఉత్తరం మీదే ఒక డిజిటల్ సంతకం చేస్తుంది. ఫ్రమ్ లాంటి ముఖ్యమైన హెడర్లనూ, లోపలి విషయాన్నీ కలిపి ఆ సంతకం తయారవుతుంది. ఉత్తరం ఎన్ని చేతులు మారినా సంతకం చెల్లుతుంది, ఒకే షరతు మీద: సంతకం కిందికొచ్చిన ఏ భాగమూ మారకూడదు. మధ్యలో ఒక సర్వర్ సబ్జెక్ట్‌కి ‘బయటి మెయిల్’ అని చేర్చినా, అడుగున ఒక హెచ్చరిక వాక్యం అంటించినా సంతకం మామూలుగా చెల్లకుండా పోతుంది.

మూడోది డీమార్క్. ఇది ఉత్తరం చదివేవారి పక్షాన నిలబడి అడుగుతుంది: కంటికి కనిపించే ఫ్రమ్ గడిలో ఏ డొమైన్ ఉందో, ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఆ డొమైన్ పేరు మీదే నెగ్గిందా? రెంటిలో ఒక్కటి నెగ్గినా చాలు. ఏదీ నెగ్గకపోతే ఏం చేయాలో ఆ డొమైన్ యజమానే ముందుగా ప్రకటించి ఉంచుతారు: వదిలేయండి, స్పామ్‌లో వేయండి, లేదా తిప్పికొట్టండి.

ఇప్పుడు లెక్క తేల్చుకుందాం. రీడైరెక్ట్ మెయిల్‌కి ఎస్‌ఆర్‌ఎస్ వాడితే ఎస్‌పీఎఫ్ నెగ్గుతుంది, కానీ గుంటూరు పేరు మీద. ఫ్రమ్ గడిలో ఉన్నది దుబాయ్. పొంతన కుదరదు. ఇక మిగిలింది డీకిమ్ సంతకం ఒక్కటే. అది చెక్కుచెదరకుండా ఉంటే మెయిల్ చేరుతుంది. అది పోయిందంటే రీడైరెక్ట్ చేసిన మెయిల్ దారిలోనే ఆగిపోవచ్చు.

ఫార్వర్డ్‌కి ఈ చిక్కులు లేవు. అది మీ పేరు మీద, మీ సర్వర్ నుంచి, మీ డొమైన్ సంతకంతో వెళ్లే మీ సొంత ఉత్తరం. అన్ని పరీక్షల్లోనూ జవాబు చెప్పుకునేది మీరే.

## 2014 ఏప్రిల్‌లో యాహూ నేర్పిన పాఠం

ఇది కాగితం మీది భయం కాదని ప్రపంచానికి తెలిసింది 2014 ఏప్రిల్‌లో. తన పేరుతో వస్తున్న మోసపు మెయిళ్లు అరికట్టడానికి యాహూ తన డీమార్క్ విధానాన్ని ‘తిప్పికొట్టండి’ స్థాయికి మార్చింది. అదే నెలలో మరో మెయిల్ సేవ ఏఓఎల్ కూడా ఆ బాటే పట్టింది.

దొంగలతో పాటు మెయిలింగ్ లిస్టులు కూడా ఆ వలలో చిక్కుకున్నాయి. లిస్టు సర్వర్ చేసేది ఒక రకంగా మళ్లింపే. సభ్యుడు రాసిన ఉత్తరాన్ని అతని పేరు మీదే మిగతా అందరికీ పంపుతుంది. దానికి తోడు సబ్జెక్ట్‌లో లిస్టు పేరు, అడుగున రెండు లైన్లు చేరుస్తుంది. యాహూ చిరునామా ఉన్న సభ్యుడు ఒక ఉత్తరం రాస్తే ఎస్‌పీఎఫ్ పొంతన పోయేది, డీకిమ్ సంతకం చెడేది. జీమెయిల్ వంటి సేవలు ఆ మెయిళ్లను తిప్పికొట్టేవి. తిరుగు టపాలు పోగుపడటంతో లిస్టు సర్వర్లు ఆ చిరునామాలు పనిచేయడం లేదనుకుని, ఏ పాపమూ ఎరగని సభ్యులను సైతం జాబితా నుంచి తీసేశాయి. చివరికి చాలా లిస్టులు ఫ్రమ్ గడిలో తమ చిరునామానే పెట్టి, ‘ఫలానా వారు, మా లిస్టు ద్వారా’ అని రాయడం మొదలుపెట్టాయి. అంటే మళ్లించడం మానేసి, ఫార్వర్డ్‌కి దగ్గరగా జరిగాయి.

మధ్యవర్తికి న్యాయం చేయాలని 2019 జులైలో ఆర్క్ అనే ప్రయోగాత్మక పద్ధతిని ప్రకటించారు. మెయిల్ తన చేతికి వచ్చినప్పుడు ఏ పరీక్ష నెగ్గిందో మళ్లించే సర్వర్ రాసి, దాని మీద తన సంతకం పెట్టి పంపుతుంది. అందుకునే సర్వర్‌కి ఆ మధ్యవర్తి మీద నమ్మకముంటే దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, లేకపోతే లేదు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు ఇంకా బిగించాయి. జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5,000 పైగా మెయిళ్లు పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి ఏర్పాటూ తప్పనిసరి చేసింది గూగుల్. గాలి ఎటు వీస్తోందో దీన్నిబట్టి తెలుస్తుంది: ఎవరి పేరు కనిపిస్తుందో వాళ్లే బాధ్యులని తేలాలి. మధ్యలో నిలబడి మళ్లించేవారికి చోటు ఏటేటా తగ్గుతోంది.

## తిరుగు టపా ఎవరి గుమ్మానికి?

మళ్లించిన మెయిల్ చేరకపోతే సమాచారం ఎవరికి వెళ్లాలి? సర్వర్ ఫ్రమ్ గడిని చూడదు, కవరు మీద పంపినవారి చిరునామాకే తిప్పి పంపుతుంది. కవరు మీద దుబాయ్ చిరునామా అలాగే ఉంచి మళ్లించారనుకోండి, మేనేజర్ ఇన్‌బాక్స్ నిండిపోతే ‘మీ మెయిల్ చేరలేదు’ అన్న కబురు దుబాయ్ వెళ్తుంది. తాను ఎన్నడూ రాయని చిరునామా నుంచి తిరుగు టపా చూసి ఆ కొనుగోలుదారు అయోమయంలో పడతాడు. మేనేజర్ సొంత చిరునామా కూడా పరాయివారికి తెలిసిపోతుంది.

ఇంకో ప్రమాదం, సుడి. ఆఫీసు మెయిల్ ఇంటి మెయిల్‌కీ, ఇంటి మెయిల్ ఆఫీసు మెయిల్‌కీ మళ్లేలా ఒకరే పెట్టుకుంటే ఒక్క ఉత్తరం రెంటి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేందుకు చక్కటి ఏర్పాటు ఉంది. ఉత్తరం ఏ సర్వర్ చేతికి వచ్చినా అది పైన ‘రిసీవ్డ్’ అనే లైను ఒకటి రాస్తుంది. ఆ లైన్లు మరీ ఎక్కువైతే సుడిలో పడిందని గ్రహించి సర్వర్ ఆపేస్తుంది. ఆ హద్దు కనీసం వంద ఉండాలని 2008 నియమాలు సూచించాయి. తిరుగు టపా కూడా సుడిలో పడకుండా, దాని కవరు మీద పంపినవారి స్థానాన్ని ఖాళీగా వదిలేస్తారు. తిప్పి పంపడానికి చిరునామా లేకపోతే ఇంకో తిరుగు టపా పుట్టదు.

## మీకు తెలియకుండా మళ్లుతున్న మెయిళ్లు

ఆటోమేటిక్ మళ్లింపు మోసగాళ్లకి ఇష్టమైన పనిముట్టు. ఎలాగో ఒకసారి మీ పాస్‌వర్డ్ సంపాదిస్తే, వాళ్లు ముందు చేసే పనుల్లో ఒకటి చడీచప్పుడు లేకుండా ఒక రూల్ రాసిపెట్టడం. ‘ఇన్వాయిస్’, ‘పేమెంట్’ వంటి మాటలున్న మెయిళ్లన్నీ బయటి చిరునామాకి వెళ్లేలా చేస్తారు. ఆ తర్వాత మీరు పాస్‌వర్డ్ మార్చినా రూల్ అక్కడే ఉంటుంది, మెయిళ్లు పోతూనే ఉంటాయి. ఒప్పందం ముగిసి డబ్బు పంపే రోజు వచ్చేసరికి, సరఫరాదారు పేరుతో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని ఒక మెయిల్ వస్తుంది. ధరా, సరుకూ, తేదీ అన్నీ సరిగ్గా ఉంటాయి. వాళ్లు ఇన్నాళ్లూ చదువుతూనే ఉన్నారు కదా.

ఈ కారణంగానే మైక్రోసాఫ్ట్ తన 365 సేవలో సంస్థల ఖాతాల నుంచి బయటి చిరునామాలకి ఆటోమేటిక్ ఫార్వర్డింగ్‌ని మామూలు సెట్టింగ్‌లోనే ఆపేసి ఉంచింది. కావాలంటే అడ్మిన్ ప్రత్యేకంగా అనుమతించాలి. జీమెయిల్ ఫార్వర్డింగ్ చిరునామా చేర్చాలంటే ముందు ఆ చిరునామాకి నిర్ధారణ మెయిల్ పంపుతుంది, అక్కడివారు ఒప్పుకుంటేనే మళ్లింపు మొదలవుతుంది. అయితే ఆ చిరునామా మోసగాడిదే అయితే అతనే ఒప్పుకుంటాడు. కాబట్టి ఇది మీకు పూర్తి రక్షణ కాదు.

---

బాక్స్: ఈ రోజే చూసుకోవలసినవి

జీమెయిల్ అయితే కంప్యూటర్లో సెట్టింగ్స్ తెరిచి ‘ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమ్యాప్’ ట్యాబ్, ‘ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్’ ట్యాబ్ రెండూ చూడండి. అవుట్‌లుక్ అయితే రూల్స్, ఫార్వర్డింగ్ చూడండి. మీరు పెట్టని చిరునామా కనిపిస్తే ముందు స్క్రీన్ ఫొటో తీసి, ఆ రూల్ తొలగించి, పాస్‌వర్డ్ మార్చి, మిగతా అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయండి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి.

డబ్బు పోయి ఉంటే వెంటనే 1930 నంబరుకి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. మోసపు మెయిల్‌ని తొలగించొద్దు. ఎవరికైనా చూపించాలంటే అటాచ్‌మెంట్‌గా పంపండి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అది ఏ సర్వర్ నుంచి వచ్చిందో చెప్పే హెడర్లు పోతాయి, దర్యాప్తుకి కావలసింది అవే.

---

## ఎప్పుడు ఏది?

మీ అభిప్రాయమో సూచనో జోడించాలంటే ఫార్వర్డ్. ‘దీని సంగతి చూడు, నాకు చెప్పు’ అన్న సందర్భం కూడా ఫార్వర్డ్‌దే, జవాబు మీ దగ్గరికే రావాలి కాబట్టి. పొరపాటున మీకు వచ్చిన మెయిల్‌ని అసలు మనిషికి చేర్చాలంటే రీడైరెక్ట్. కంపెనీ ఉమ్మడి చిరునామాకి వచ్చిన విచారణను సంబంధిత వ్యక్తికి అప్పగించి మీరు పక్కకి తప్పుకోవాలన్నా రీడైరెక్టే. రీడైరెక్ట్ బటన్ లేకపోతే ఫార్వర్డ్ చేస్తూ పైన ఒక మాట రాయండి: ‘రిప్లై నొక్కితే నాకే వస్తుంది, దయచేసి కింద ఉన్న చిరునామాకి విడిగా జవాబివ్వండి.’ ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే మేనేజర్ జవాబు దుబాయ్ చేరేది.

రోజూ పదిమంది చూడవలసిన చిరునామా అయితే ఈ రెండూ సరైన దారి కాదు. ఆ ఇన్‌బాక్స్‌లోకి అందరికీ ప్రవేశం ఇచ్చే షేర్డ్ మెయిల్‌బాక్స్ గానీ, జీమెయిల్‌లో డెలిగేషన్ గానీ పెట్టుకోవడం మేలు. మెయిల్ అక్కడే ఉంటుంది, ఏ సర్వర్ పరీక్షా అడ్డురాదు.

ఆంధ్ర, తెలంగాణల నుంచి అమెరికా వెళ్లి చదువుకున్న పిల్లలకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ చాలా విశ్వవిద్యాలయాలు పూర్వ విద్యార్థులకి ఒక చిరునామా ఇచ్చి, దానికి వచ్చినవన్నీ సొంత మెయిల్‌కి మళ్లిస్తాయి. రెజ్యూమెలో రాసుకోవడానికి అది బాగానే ఉంటుంది. కానీ బ్యాంకు, వీసా, పన్నుల వంటి వ్యవహారాలకి ఆ చిరునామా ఇవ్వకండి. దానికి వచ్చే ప్రతి మెయిలూ రీడైరెక్ట్ అయ్యేదే, సంతకం ఎక్కడ చెడినా దారిలో ఆగిపోయేదే. ఏది రాలేదో మీకు తెలిసే అవకాశం కూడా తక్కువ. అలాంటి వాటికి మీరు నేరుగా తెరిచి చూసే చిరునామానే ఇవ్వాలి. ఉద్యోగమో సంస్థో మారినప్పుడు కూడా పాత చిరునామా నుంచి మళ్లింపు పెట్టుకుని నిశ్చింతగా ఉండిపోకండి. కొన్ని నెలల పాటు దాన్ని ఆసరాగా ఉంచుకుని, ఈలోగా ఒక్కొక్కరికీ కొత్త చిరునామా తెలియజేసి, ఆపైన మళ్లింపు తీసేయండి.

ఒకరి మెయిల్ మన చేతి మీదుగా ఇంకొకరికి వెళ్తున్నప్పుడు మనం ఎంచుకుంటున్నది మన పాత్రను. ఫార్వర్డ్ చేస్తే ఆ మాటకి పూచీ మనది, జవాబు అందుకునే బాధ్యతా మనదే. రీడైరెక్ట్ చేస్తే మాటా, పూచీ రాసినవారివి, మనం దారి చూపినవాళ్లం మాత్రమే. ‘ఇది ఎవరి మాటగా వెళ్లాలి, జవాబు ఎవరికి రావాలి’ అని పంపే ముందు ఒక్కసారి ప్రశ్నించుకుంటే ఏ బటన్ నొక్కాలో తెలిసిపోతుంది.